కర్నూలు నడిబొడ్డున చిన్న లాడ్జిలో దిగేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న 22 గదుల లాడ్జి. మా నాయన మొదలుపెట్టాడు. కౌంటర్ దగ్గర నేను కూర్చోబట్టి 20 ఏళ్లు దాటింది. ఫోన్లో రోజూ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్ని మా లాడ్జి సంగతులు, చాలావరకు కర్నూల్లో ఏ చిన్న లాడ్జిలో దిగినా పనికొచ్చేవి. మా దగ్గర గది దొరకనివాళ్లు కూడా ఒకసారి చదువుకోండి.

బస్టాండు నుంచి, రైల్వే స్టేషన్ నుంచి ఎట్లా రావాలి?

రైల్లో వచ్చేవాళ్లకు మేం దగ్గర. స్టేషన్ బయటికొచ్చి "బురుజు కాడికి" అంటే ఏ ఆటో అయినా తెస్తుంది. టికెట్ మీద "కర్నూలు సిటీ" అని ఉంటుంది, పాతవాళ్లు కర్నూలు టౌన్ అంటారు. రెండూ ఒకటే స్టేషన్. ఆర్టీసీ బస్సులో వస్తే కొత్త బస్టాండులో దిగుతారు. అక్కడి నుంచి షేర్ ఆటోలు రాజ్‌విహార్ మీదుగా తిరుగుతూనే ఉంటాయి.

జాగ్రత్తగా ఉండాల్సింది ప్రైవేటు బస్సులతో. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే బస్సులు చాలావరకు ఊళ్లోకి రావు. 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఆపి దింపేసి వెళ్లిపోతాయి. రాత్రి రెండు గంటలకు పిల్లలతో, సంచులతో హైవే మీద నిలబడాల్సి వస్తే చాలా కష్టం. టికెట్ తీసుకునేటప్పుడే "కర్నూల్లో ఏ చోట దింపుతారు?" అని అడిగి, ఆ పేరు రాసుకోండి. దిగే ముందు మాకు ఫోన్ చేస్తే తెలిసిన ఆటో అతన్ని పంపిస్తాం.

కర్నూల్లో ఏ వైపు దిగితే మంచిది?

మీ పని ఎక్కడో దాన్నిబట్టి చూసుకోండి. సర్కారు పెద్దాసుపత్రి పనైతే బుధవారపేట చుట్టుపక్కల చూడండి, లేదా ఆటోకి ఎక్కువ ఖర్చు కాని మా వైపు. తెల్లవారుజాము బస్సు పట్టుకోవాలంటే కొత్త బస్టాండు ఎదుట దిగడమే తెలివి, ఆ పూటకు నేనే అక్కడికి పొమ్మని చెప్తాను. పెళ్లి బట్టలు, బంగారం, పాతబస్తీ బజారు పనులకైతే బురుజు వైపే సుఖం.

కొత్తవాళ్లు ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అనే పేర్లు విని తికమక పడుతుంటారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయేదాకా ఉద్యోగులు ఉన్న చోట్లు ఆ క్యాంపులు. పేర్లు అట్లే నిలిచిపోయాయి. చిరునామాలో ఈ మూడింట్లో ఏదో సరిగ్గా రాసుకుని రండి, మూడూ మూడు చోట్లు.

మీది 24 గంటల చెకౌటా, మధ్యాహ్నం 12 గంటల చెకౌటా?

మాది 24 గంటలు. ఏ లాడ్జికి ఫోన్ చేసినా ముందు ఈ ప్రశ్న అడగండి, రేటు తర్వాత అడగొచ్చు.

24 గంటల పద్ధతిలో మీరు రాత్రి 11కి దిగితే మర్నాడు రాత్రి 11 దాకా గది మీదే. 12 గంటల పద్ధతిలో ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12కి ఒక రోజు అయిపోతుంది. రాత్రి 11కి దిగినవాళ్లకు 13 గంటలు దక్కుతాయి. తెల్లవారి 4కి బస్సు దిగినవాళ్లకు ఎనిమిదే గంటలు. ఆ తర్వాత ఇంకో రోజు బాడుగ. రేటు వంద తక్కువని 12 గంటల లాడ్జిలో దిగి, రెండు రోజుల బాడుగ కట్టినవాళ్లు మా దగ్గరికొచ్చి చెప్పుకుని బాధపడతారు.

నాకూ జరిగింది. ఒకసారి బంధువుల పెళ్లికి వేరే ఊరు పోయి తెల్లవారుజామున ఒక లాడ్జిలో దిగాను. కౌంటర్లో నిద్రమత్తులో ఉన్న అబ్బాయి తాళంచెవి ఇచ్చాడు, నేనూ నిద్రమత్తులోనే సంతకం పెట్టాను. మధ్యాహ్నం పెళ్లి భోజనం చేసి వచ్చేసరికి రెండు రోజుల బిల్లు రాసిపెట్టారు. లాడ్జి నడిపే నాకే అడగాలని తోచలేదు. అప్పటి నుంచి మా దగ్గర దిగే ప్రతివాళ్లకూ వచ్చిన టైము వాళ్ల చేతే రిజిస్టర్లో రాయిస్తున్నాను. మీరు ఎక్కడ దిగినా "పొద్దున 4కి వస్తా, ఎప్పటిదాకా ఉండొచ్చు?" అని గంటలు చెప్పి అడగండి. "ఒక రోజుకి ఎంత?" అంటే రోజు అనే మాటకు ఎవరి లెక్క వాళ్లకుంటుంది.

మా దగ్గర గంట, గంటన్నర ఆలస్యమైతే ఏమీ అనం. అంతకుమించితే సగం రోజు బాడుగ.

గది చూసుకున్నాక అడ్వాన్సు ఇవ్వొచ్చా?

తప్పకుండా చూసుకోండి. మొహమాటపడొద్దు. "ముందు రూమ్ చూపించు తమ్ముడూ" అంటే మా రూమ్ బాయ్ సంతోషంగా తీసుకుపోతాడు. ఏ లాడ్జిలోనైనా చూపించకుండా డబ్బు అడిగితే ఇంకో లాడ్జి చూసుకోండి, ఈ వీధుల్లో లాడ్జీలకు కొదవలేదు.

చూడాల్సింది మంచం మీద పైదుప్పటి ఒక్కటే కాదు. దిండు గలీబు తీసి దిండు చూడండి. పరుపు మూల ఎత్తి, కుట్టు వెంబడి చూడండి. నల్లచుక్కలు, ఎర్రటి మరకలు ఉంటే నల్లులున్నట్టే, ఆ గది వద్దనండి. బాత్రూంలో కొళాయి తిప్పి నీళ్లు ఎంత ధారగా పడుతున్నాయో చూడండి. ఫ్లష్ ఒకసారి నొక్కండి. ఫ్యాన్ ఐదులో పెట్టి చప్పుడు వినండి. తలుపు లోపలి గడియ వేసి, బయటి నుంచి మీ వాళ్లను తోయమనండి. కిటికీ మూసి వీధి చప్పుడు ఎంత వస్తుందో గమనించండి. బురుజు చుట్టూ రాత్రి పది దాకా హారన్లు ఆగవు, నిద్ర పల్చగా ఉండేవాళ్లు వెనకవైపు గది అడగండి. ఇదంతా రెండు నిమిషాల పని.

రేటు ఎంత? జీఎస్టీ వేరేనా?

రేట్లు కౌంటర్ వెనక బోర్డు మీద రాసి ఉంటాయి. సింగిల్, డబుల్, నాలుగు మంచాల గది, ఏసీ, నాన్ ఏసీ అన్నీ విడివిడిగా. ఫోన్లో అడిగితే "అన్నీ కలిపి ఎంత?" అని అడగండి.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు దాటని గదుల మీద జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12 శాతం ఉండేది. మాలాంటి లాడ్జీలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే అడగండి. జీఎస్టీ అని విడిగా వేసిన బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. అది లేకుండా చీటీ మీద పన్ను రాసి వసూలు చేయకూడదు. ఆఫీసులో ప్రయాణ ఖర్చుల (టీఏ) బిల్లు పెట్టుకునేవాళ్లు దిగేటప్పుడే చెప్తే పేరు, హోదా సరిగ్గా రాసి ఇస్తాం. చెకౌట్ హడావుడిలో అడిగితే తప్పులు దొర్లుతాయి.

ఏ గుర్తింపు కార్డు తేవాలి? ఆధార్ జిరాక్సు ఇవ్వడం మంచిదేనా?

గదిలో ఉండే పెద్దవాళ్లు అందరి కార్డులూ కావాలి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు ఏదైనా సరే. పోలీసులు లాడ్జీల రిజిస్టర్లు తనిఖీ చేస్తారు, అందుకే పేరు, ఊరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని మీద వచ్చారు అన్నీ రాయిస్తాం. కోపగించుకోవద్దు.

ఆధార్ గురించి మీ భయం న్యాయమైనదే. మొదటి ఎనిమిది అంకెలు దాచి చివరి నాలుగే కనిపించే ఆధార్ కాపీని వెబ్‌సైటు నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మాకు అది చాలు. జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా "లాడ్జి గది కోసం" అని, తేదీ వేసి ఇవ్వండి. ఒరిజినల్ కార్డు మాత్రం ఏ లాడ్జిలోనూ వదిలిపెట్టొద్దు. చూసి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి.

విదేశీయులు దిగితే వాళ్ల వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్లో మేమే పంపాలి. పాస్‌పోర్టు, వీసా దగ్గర పెట్టుకోండి.

ఆసుపత్రిలో మా మనిషి ఉన్నారు. ఎన్ని రోజులో తెలియదు. ఎట్లా?

మా రిజిస్టర్లో "ఏ పని మీద" అన్న గడిలో ఎక్కువగా కనిపించే మాట ఆసుపత్రి. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, ఆళ్లగడ్డ, నది అవతల గద్వాల, కర్ణాటకలో రాయచూరు, బళ్లారి నుంచి కూడా పేషెంట్లను తీసుకుని కర్నూలు వస్తారు. వాళ్ల కోసం ఈ జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

వార్డులో పేషెంటు దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. వెంట వచ్చిన మిగతా ముగ్గురు నలుగురు వరండాల్లో, చెట్ల కింద పడుకుంటారు. రెండో రోజుకు వాళ్లకే జ్వరం వస్తుంది. గది తీసుకోవడం దండగ అని అనుకోకండి. ఒక చిన్న గది తీసుకుని వంతులవారీగా వచ్చి స్నానం చేసి, నాలుగు గంటలు పడుకుని పోతే పేషెంటును చూసుకునే శక్తి ఉంటుంది. మా దగ్గర ఇట్లా మనుషులు మారుతుంటే అదనంగా తీసుకోం, ఒకేసారి ఎంతమంది పడుకుంటారో అదే లెక్క. అయితే దిగేటప్పుడే "నలుగురం మార్చుకుంటాం" అని చెప్పి నలుగురి కార్డులూ చూపించండి. తాళంచెవి కౌంటర్లో ఇచ్చిపోండి, పేరు చెప్పినవాళ్లకే ఇస్తాం. ఇంకో లాడ్జిలో దిగినా ఈ ఒప్పందం ముందే చేసుకోండి, తర్వాత అడిగితే మనిషికి ఇంత అని లెక్క కడతారు.

ఎన్ని రోజులో తెలియనప్పుడు వారానికి అడ్వాన్సు కట్టొద్దు. రోజుకు రోజు కట్టండి. డిశ్చార్జి అయితే మిగిలిన డబ్బు వెనక్కి రావడం అన్ని చోట్లా సులభం కాదు. ఐదు రోజులు దాటితే రేటు తగ్గించమని మీరే అడగండి. మేమైతే అడగకుండానే తగ్గిస్తాం.

ఒక రాత్రి రెండున్నరకు ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన తువ్వాల మూట, చంకలో స్కానింగ్ కవరు. "నాయనా, మూడు గంటలు పడుకుంటే సాలు, పొద్దున ఆపరేషన్ అంట" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నవి మడిచి మడిచి మెత్తబడిన నోట్లు. గది తెరిచి ఇస్తే మంచం మీద పడుకోలేదు, కింద బండల మీద తువ్వాల పరుచుకున్నాడు. పక్క మాసిపోతే మళ్లీ డబ్బులు అడుగుతామేమోనని. ఐదున్నరకు లేపమన్నాడు, నేను పోయి లేపాను. అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆసుపత్రి చీటీ చూపించి అర్ధరాత్రి దాటాక వచ్చి పొద్దున ఎనిమిదిలోపు వెళ్లిపోయేవాళ్లకు సగం బాడుగే. అడగడానికి సిగ్గుపడొద్దు. మంచం మీదే పడుకోండి.

ఆసుపత్రి మెట్ల దగ్గర "రూమ్ కావల్లనా?" అని వెంటపడే మధ్యవర్తులతో రావొద్దు. వాళ్ల కమీషన్ మీ బాడుగలోనే కలుస్తుంది.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు గది ఇస్తారా?

ఇస్తాం. పరీక్షలు రాయడానికి, ఇంటర్వ్యూలకు, ఆసుపత్రికి, కోర్టు పనికి ఒంటరిగా వచ్చే అమ్మాయిలు, అమ్మలు ఎప్పుడూ ఉంటారు. కౌంటర్‌కు దగ్గరగా మొదటి అంతస్తులో ఉన్న నాలుగు గదులు వాళ్లకోసమే ఉంచుతాం. ఆ గదులు శుభ్రం చేసేది మా దగ్గర చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అక్క. మీరు తలుపు తీయకపోతే ఎవరూ గదిలోకి రారు. రాత్రి ఎవరైనా తలుపు కొడితే తీయకుండా కౌంటర్‌కు ఫోన్ చేయండి. మా నంబరు తలుపు వెనకే రాసి ఉంటుంది. ఏ లాడ్జిలోనైనా అవసరమైతే అత్యవసర నంబరు 112 కు, మహిళల హెల్ప్‌లైన్ 181 కు ఫోన్ చేయడానికి వెనకాడొద్దు.

"ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వం" అని ఇంకా కొన్ని చోట్ల చెప్తున్నారని వింటుంటాను. పరీక్ష హాల్ టికెట్ చేతిలో పట్టుకుని సంచి మోసుకుంటూ మూడు లాడ్జీలు తిరిగి వచ్చిన అమ్మాయిని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పెళ్లికాని జంటలకు?

18 ఏళ్లు నిండిన ఇద్దరు ఒక గదిలో ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఇద్దరి కార్డులూ చూపిస్తే మేం ఇస్తాం. కొన్ని లాడ్జీలు తమ సొంత నియమంతో ఇవ్వవు, ఫోన్లోనే అడిగి తెలుసుకుని పోతే మాటపడే పని ఉండదు.

ఎండాకాలంలో ఏసీ తప్పనిసరా?

ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అయితే మనది పొడి వేడి. గాలిలో తేమ తక్కువ కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, సముద్రం పక్క ఊళ్లలో లాగా జిడ్డుగా ఉండదు. కూలర్ పెట్టుకుంటే కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. అన్నీ మూసేస్తే లోపల తేమ నిండి ఉక్కపోస్తుంది. నీళ్లు ఎప్పుడు పోస్తారో అడగండి, మేం సాయంత్రం ఒకసారి, రాత్రి పదికి ఒకసారి పోస్తాం.

ఏసీ కన్నా ముఖ్యం ఏ అంతస్తు అన్నది. పై అంతస్తు స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి ఒంటిగంట దాకా సెగ కక్కుతుంది. ఎండాకాలం అయితే మధ్య అంతస్తు గది అడగండి. మా గదుల్లో నేలంతా బేతంచెర్ల బండలే. టైల్స్ వేయించమని చాలామంది చెప్పారు, నేను మార్చలేదు. మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిస్తే ఆ బండల మీద కాలు పెట్టినప్పుడు వచ్చే చల్లదనం టైల్స్‌లో లేదు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్, ఒక లైటు నడుస్తాయి. ఏసీ, గీజర్ నడవవు.

వేడినీళ్లు ఎప్పుడు వస్తాయి?

పొద్దున 5 నుంచి 9 దాకా. మిగతా టైములో బాలింతలకు, ముసలివాళ్లకు, జ్వరం ఉన్నవాళ్లకు బకెట్‌తో పైకి తెచ్చిస్తాం. బాత్రూంలో వచ్చేది బోరు నీళ్లు, కొంచెం ఉప్పగా ఉంటాయి, సబ్బు సరిగా నురగ రాదు. తాగడానికి వాడొద్దు. తాగేందుకు ప్రతి అంతస్తులో ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఉంటుంది.

దోమలు?

ఉంటాయి. ఊరికి ఒకవైపు తుంగభద్ర, మరోవైపు హంద్రీ. సాయంత్రం ఐదున్నరకే కిటికీలు మూసేయండి. కిటికీలకు జాలీ ఉంది, దోమతెర కావాలంటే అడగండి.

లిఫ్ట్ ఉందా?

లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, ఆపరేషన్ అయినవాళ్లకు కింద రెండు గదులు ఉన్నాయి, రెండింటిలోనూ వెస్ట్రన్ టాయిలెట్ ఉంది. వాటిని ముందుగా ఫోన్ చేసి చెప్తేనే ఆపగలం.

భోజనం మీ దగ్గరే దొరుకుతుందా? బయట ఏం బాగుంటుంది?

మా దగ్గర టీ మాత్రమే. బయటికి వెళ్తే కావలసినంత ఉంది.

పొద్దున ఉగ్గాని తినండి. కోస్తా నుంచి వచ్చేవాళ్లకు ఇది కొత్త. బొరుగులు (మరమరాలు) నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో కలిపి పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి ఉండాల్సిందే. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే బొరుగులు ముద్దైపోతాయి. ఎనిమిదిన్నర దాటితే బండ్ల దగ్గర అయిపోతుంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, బుడ్డల పొడి దొరికే చోట్లున్నాయి. బుడ్డలంటే మాకు వేరుశెనగలు. రాగి సంగటి, నాటుకోడి పులుసు రాత్రికి బాగుంటుంది, కానీ తెల్లవారి బస్సు ప్రయాణం ఉన్నవాళ్లు కారం చూసుకుని తినండి. రంజాన్ నెలలో పాతబస్తీ వైపు రాత్రి పొద్దుపోయేదాకా సందడే, హలీం అక్కడ తినాలి.

పేషెంటుకు పత్యం భోజనం, కారం లేని పప్పన్నం, గంజి కావాలంటే ముందు రోజు చెప్పండి, పక్క వీధిలో ఇంటి దగ్గర వండి ఇచ్చే అమ్మ ఉంది, మేం తెప్పిస్తాం.

గదిలో వంట చేసుకోవచ్చా?

వద్దు. కరెంటు కాయిల్, ఇండక్షన్ స్టవ్ ఏదీ పెట్టొద్దు. పాత వైరింగ్ ఉన్న భవనాల్లో ఒక కాయిల్ చాలు పరుపు అంటుకోవడానికి. చంటిపిల్లల పాలు ఏ టైముకైనా కింద కాచి ఇస్తాం, రాత్రి మూడుకైనా లేపండి.

కర్నూలు నుంచి మంత్రాలయం, శ్రీశైలం, బెలుం గుహలు ఒక్కరోజులో చూసిరావచ్చా?

మూడూ ఒక్కరోజులో కుదరవు. విడివిడిగా చెప్తాను.

మంత్రాలయం సుమారు 100 కిలోమీటర్లు, ఎమ్మిగనూరు మీదుగా బస్సులు తరచుగా ఉంటాయి. పొద్దున్నే పోయి తుంగభద్రలో స్నానం, రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. కర్నూలు నుంచి రైలు గురించి ఆలోచించొద్దు, చుట్టు తిరిగి పోవాలి. పైగా మంత్రాలయం రోడ్ స్టేషన్ మఠానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి.

శ్రీశైలం సుమారు 180 కిలోమీటర్లు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా. దోర్నాల దాటాక నల్లమలలో పెద్దపులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసేస్తారు. సొంత బండిలో సాయంత్రం ఐదు దాటాక ఇక్కడి నుంచి బయల్దేరితే గేటు దగ్గర చిక్కుకునే ప్రమాదం ఉంది. రాత్రి మా దగ్గర పడుకుని తెల్లవారి నాలుగుకు బయల్దేరండి, లేదా మధ్యాహ్నమే పోయి అక్కడే దిగండి. "స్పీడుగా పోతాంలే" అని ఏడింటికి బయల్దేరినవాళ్లు దోర్నాలలో కార్లోనే రాత్రంతా గడిపారు.

బెలుం గుహలు సుమారు 110 కిలోమీటర్లు, కొలిమిగుండ్ల మండలంలో, ఇప్పుడు నంద్యాల జిల్లా. మొత్తం పొడవు 3,229 మీటర్లు. బస్సుల్లో మారి మారి పోవడం కష్టం, నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకుంటే బనగానపల్లె దగ్గర యాగంటి కూడా చూసుకుని రావచ్చు. గుహల లోపల ఉక్కగా ఉంటుంది, నూలు బట్టలు వేసుకోండి. ఊపిరాడని జబ్బున్నవాళ్లు లోపలిదాకా పోవద్దు.

టైము తక్కువున్నవాళ్లకు నా సలహా అలంపురం. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ, అక్కడి నుంచి కాసేపే. జోగులాంబ అమ్మవారు, పక్కనే చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు. ఒక పూటలో తృప్తిగా చూడొచ్చు. రాష్ట్రం దాటే బస్సుల్లో మన ఆడవాళ్ల ఉచిత ప్రయాణం వర్తించదు, టికెట్ తీసుకోండి.

బురుజు మాత్రం చూడకుండా పోవద్దు. విజయనగర రాజుల కాలపు కోటలో నిలిచిన భాగం అది. సాయంత్రం ఎండ తగ్గాక పోండి.

ఏ రోజుల్లో గదులు దొరకవు?

శివరాత్రికి శ్రీశైలం పోయేవాళ్లు, శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు మంత్రాలయం పోయేవాళ్లు, పెళ్లి ముహూర్తాలు, పెద్ద పోటీ పరీక్షల ముందు రోజు. పరీక్ష రాసేవాళ్లు హాల్ టికెట్ వచ్చిన రోజే ఫోన్ చేయండి, ముందు రోజు సాయంత్రం వస్తే ఊరంతా తిరిగినా దొరకదు.

ఉగాదికి ముందు కన్నడ భక్తులు కాలినడకన శ్రీశైలం పోతూ మన ఊరి మీదుగా వెళ్తారు. కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, బొబ్బలతో నడుస్తుంటారు. ఆ రోజుల్లో మా వరండా తెరిచే ఉంటుంది. గది అక్కరలేదు, వచ్చి కాళ్లు కడుక్కుని కాసేపు పడుకుని పోవచ్చు, డబ్బు తీసుకోం.

ముందుగా బుక్ చేసుకోవాలంటే డబ్బు పంపాలా?

మాకు పంపక్కరలేదు. వచ్చే టైము చెప్తే రెండు గంటలు ఎదురుచూస్తాం, ఆలస్యమైతే ఫోన్ చేయండి. మ్యాపుల్లో లాడ్జీల పేరు మీద దొంగ నంబర్లు పెట్టి, "సగం అడ్వాన్సు ఫోన్‌పే చేయండి, గది ఆపుతా" అని చెప్పి మోసం చేసేవాళ్లున్నారు. యాత్రా స్థలాల్లో ఇది ఎక్కువ. మనిషి పేరు మీద ఉన్న ఖాతాకు, గది చూడకుండా డబ్బు పంపొద్దు. పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

వానాకాలంలో నది పొంగుతుందని భయం. కింది గది తీసుకోవచ్చా?

2009 అక్టోబరు వరద చూసినవాళ్లు, విన్నవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. మా కింది అంతస్తు మునిగింది. దిగినవాళ్లనందరినీ పైకి పంపి, నాయనా నేనూ రిజిస్టర్లు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాం. రెండు రోజులు మిద్దె మీదే. పైన ఉన్న బొరుగులు, బెల్లం అందరం పంచుకున్నాం. నీళ్లు తీశాక గోడల మీద మిగిలిన బురద గీతను మెట్ల దగ్గర ఒక్కచోట సున్నం వేయకుండా అట్లే ఉంచాం, వచ్చి చూడండి.

అట్లాంటి వరద మళ్లీ నేను చూడలేదు. కింది గది తీసుకోవచ్చు. పైనుంచి నీళ్లు వదిలారని కబురు వస్తే మేమే లేపి పైకి మారుస్తాం.

గది ఖాళీ చేశాక సామాన్లు మీ దగ్గర పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, రాత్రి బస్సు దాకా డబ్బేమీ లేదు. బంగారం, నగదు, సర్టిఫికెట్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. సంచికి చీటీ కట్టి సగం మీకిస్తాం, ఆ సగం తెస్తేనే ఇస్తాం.

ఏమైనా మర్చిపోతే?

ఎక్కువగా మర్చిపోయేవి చార్జర్లు, తలుపు వెనక కొక్కేనికి తగిలించిన తువ్వాళ్లు, దిండు కింద కళ్లద్దాలు. మూడు నెలలు దాచిపెడతాం. ఏ తేదీన, ఏ గదిలో దిగారో చెప్పి ఫోన్ చేస్తే మీ ఊరి వైపు వచ్చే వాళ్లతోనో కొరియర్లోనో పంపుతాం.

ఎక్స్‌రేలు, స్కానింగ్ కవర్లు, ఆసుపత్రి ఫైళ్లు మాత్రం గడువు లేకుండా ఉంచుతాం. కౌంటర్ కింది సొరుగులో పేర్లు రాసి పెట్టినవి ఉన్నాయి, కొన్ని నాయన కాలం నాటివి. మీ ఇంట్లోవాళ్లవి ఇక్కడ ఉండిపోయాయని అనుమానం ఉంటే పేషెంటు పేరు, ఊరు చెప్పండి. వెతికి చెప్తాను.